స్టవ్ ఆపానా

బుడాపెస్ట్‌లో, నదికి కొండవైపు ఒడ్డున,
గంధకం వాసనేసే వేడినీళ్ల తొట్టిలో
రొమ్ముదాకా మునిగి
చదరంగం ఆడతారు ముసలాళ్లు.
నేను తువ్వాళ్లిస్తాను.
పదకొండేళ్లుగా ఇస్తున్నాను.
ఎవరి నడుమెంతో, ఎవరి నోరెంతో
నాకు తెలుసు.

మంగళవారం గొడవ కెలెమెన్ గురించి.
"వాడూ ఒక నటుడేనా?
కర్రయితే కనీసం పొయ్యిలోకి పనికొస్తుంది"
అన్నాడు ఒడొన్, గుర్రాన్ని దూకిస్తూ.
"పెళ్లాం పోయిందన్న ఉత్తరం చదివినా అదే మొహం,
సూపులో ఉప్పు తగ్గినా అదే మొహం."

"ఆ మొహంలో ఏమీ లేదు కాబట్టే
నా మొహం అందులో పట్టింది" అన్నాడు జిగ్మొంద్.
ముప్పై ఏళ్లు ట్రామ్ నడిపిన మనిషి.
ఎప్పుడో ఒకసారి ఇలాంటి మాట అనేస్తాడు,
వెంటనే సిగ్గుపడి
ఒక బంటును పోగొట్టుకుంటాడు.

అక్కణ్ణుంచి సంగీతం మీద పడ్డారు.
ఆ రైలు సినిమా లేదూ,
చివర ప్లాట్‌ఫారం ఖాళీ అయ్యాక
తీగవాద్యాలన్నీ ఒక్కసారి లేస్తాయి కదా,
అక్కడ.

"అది ఏడుపు కాదు, ఏడిపించడం.
ఉల్లిపాయ తరిగి కళ్ల దగ్గర పెట్టడం.
రైలు కూత ఒక్కటి చాలదా?
కూత కూడా వినపడనివ్వలేదు ఆ మహానుభావుడు."
ఒడొన్ నీళ్లమీద చెయ్యి చరిచాడు.
రెండు పావులు పక్కకి ఒరిగాయి.

"నేను మూడుసార్లు ఏడ్చాను అక్కడ,
ఆ వయోలాలు మొదలయ్యేచోట.
ఒకసారి ఇలోనా పక్కన కూర్చుని.
ఒకసారి ఇలోనా వెళ్లిపోయాక.
ఒకసారి పళ్ల డాక్టరు దగ్గర,
గోడమీద టీవీలో వస్తుంటే.
పన్ను నొప్పనుకుని
ముందు నన్నే పిలిచారు లోపలికి."

అప్పుడు అవతలి మూల నుంచి,
నీలం రబ్బరు టోపీ కిందనుంచి,
మోకాళ్లకోసం వచ్చే ఎటెల్కా అంది:
"ఆ వయోలాల్లో నేనొకదాన్ని."

నీళ్లు ఊరుకున్నాయి.
ఎటెల్కా మాత్రం ఆగలేదు.
"రెండో వరస, నాలుగో కుర్చీ.
ఫిబ్రవరి. స్టూడియోకి కిటికీ లేదు,
వేళ్లు కత్తిరించిన చేతితొడుగులతో వాయించాం.
ఆ చోటుకి ముందు మాకు
పదిహేడు ఆవర్తనాలు విరామం.
ఊరికే కూర్చుని లెక్కపెట్టాలి.
ఆరో దాని దగ్గర గుర్తొచ్చింది,
పొద్దున బంగాళదుంపలు ఉడకేసి వచ్చాను,
స్టవ్ ఆపానా?
పది, పదకొండు, ఆపానా?
పదిహేను. తాళంచెవి తిప్పింది గుర్తుంది,
స్టవ్ బిరడా తిప్పింది గుర్తులేదు.
పదిహేడు. కమాను ఎత్తాను.
మీరు విన్నది అదీ."

ఒడొన్ నవ్విన నవ్వుకి
రాజు నీళ్లలో పడ్డాడు.
"దుంపలు! విన్నావుటోయ్!
మూడుసార్లూ దుంపలకోసం ఏడ్చావు!"

జిగ్మొంద్ మునిగిన రాజుకోసం తడుముతూ
చాలాసేపటికి అడిగాడు:
"మరి ఆపారా?"

"లేదు. గిన్నె మాడిపోయింది.
మెట్లమీదంతా పొగ.
నాలుగో అంతస్తావిడ ఇప్పటికీ పలకరించదు."

"అందుకే," అన్నాడు జిగ్మొంద్
రుజువు దొరికినవాడిలా.
"ఏమిటి అందుకే?" అని ఒడొన్.
మళ్లీ మొదలు.
పుర్రెకో బుద్ధి అంటారు గానీ
ఒకే పుర్రెకి రెండు చెవులు,
అవి కూడా కలిసి వినవు.

కెలెమెన్ సంగతేమిటని ఎటెల్కాని అడిగారు.
"ఒకరోజు స్టూడియోకి వచ్చాడు.
నా వాద్యం పెట్టెలోంచి
అడక్కుండా ఆపిలు తీసుకు తిన్నాడు.
ఆ రోజునుంచీ వాడి నటన నాకు నచ్చదు."

నన్నెవరూ అడగలేదు.
అడిగితే చెప్పేదాన్ని:
నాకు కెలెమెన్ పోలీసు వేసిన సినిమా ఇష్టం,
రెండో సగంలో మీసం ఊడివస్తుందే, అది.
డప్పులూ బాకాలూ తప్ప ఇంకేం లేని ఆ పాట
తువ్వాళ్లు పిండేటప్పుడు
నా నోట్లో దానంతటదే తిరుగుతుంది.

ఆ సాయంత్రం కూడా తిరిగింది.
తొట్టి అంచున కూర్చున్న ఒడొన్
ముందు మొహం చిట్లించాడు.
తర్వాత చూస్తే, నీళ్లలో,
వాడి కుడిపాదం
బాకాల దగ్గర సరిగ్గా పడుతోంది.

తిమ్మిరెక్కింది అన్నాడు.
పొడి తువ్వాలు అందించాను.